ముందు అంచుకు నాలుగు వేళ్ళు

ఫువ్వా ఊళ్ళో, నైలు ఒడ్డున పాత మసీదు వెనక సందులో మహ్రూస్ దర్జీ కొట్టు ఉంది. అతను మగవాళ్ళ గలబియాలు తప్ప ఇంకేమీ కుట్టడు. మెడ నుంచి చీలమండల దాకా జారే ఆ వదులు అంగీకి నాలుగు కొలతలు చాలు: భుజం, ఛాతీ, చేతి పొడవు, నిలువు. నడుముతో పని లేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో మహ్రూస్ ఏ మగాడి నడుమూ కొలిచిన పాపాన పోలేదు. తన నడుము కూడా అంతే.

అలాగని ఊరి నడుముల సంగతి అతనికి తెలియదని కాదు. బొజ్జ ఉన్న మనిషికి మామూలు లెక్కన కుడితే ముందు అంచు పైకి లేచి పిక్కలు కనబడతాయి, వెనక అంచు నేల ఊడుస్తుంది. అందుకని బొజ్జను బట్టి ముందు వైపు ఒక వేలో రెండు వేళ్ళో గుడ్డ ఎక్కువ వదలాలి. ఈ కిటుకు అతనికి తండ్రి నేర్పాడు. వేళ్ళ లెక్క కొలతల పుస్తకంలో రాసుకోవాలే గానీ నోటితో అనకూడదని, దర్జీ ముందు నిలబడ్డ మనిషి సిగ్గుపడకూడదని కూడా నేర్పాడు. మహ్రూస్ ఆ మాట జవదాటలేదు. అతని పుస్తకంలో ఊళ్ళో మగవాళ్ళందరి పేర్ల పక్కనా చిన్న చిన్న నిలువు గీతలు ఉండేవి. ఒక గీతంటే ఒక వేలు. ఎవరికి ఎప్పుడు గీత పెరిగిందో అతనికీ ఆ పుస్తకానికీ తప్ప మూడో ప్రాణికి తెలియదు.

అతని అన్న షహాతాకి చేపల వేపుడు కొట్టు ఉండేది. నవ్వుల మనిషి, నలుగురికీ పెట్టి తినే మనిషి. యాభై ఏడేళ్ళ వయసులో ఒక మంగళవారం మధ్యాహ్నం, మూకుడు ముందు నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు. అంతకుముందు అతనికి జలుబు చేసిందని కూడా ఎవరూ వినలేదు.

నలభయ్యో రోజు దాటాక వదిన అన్న బట్టల మూట పంపింది. బాగున్నవి ఎవరైనా లేనివాళ్ళకు పనికొచ్చేట్టు సరిచేసి ఇవ్వమంది. మహ్రూస్ వాటిని బల్ల మీద ఒకదాని పక్కన ఒకటి పరిచాడు. అన్నీ తన చేతి కుట్టే. పాతదానికి ముందు అంచు ఒక వేలు ఎక్కువ. తర్వాతిదానికి రెండు. ఆ తర్వాత రెండున్నర, మూడు. పోయిన రంజాను పండక్కి కుట్టిన బూడిద రంగు దానికి నాలుగు వేళ్ళు. పదకొండేళ్ళలో అన్న పొట్ట ఎంతెంత పెరిగిందో అంతంతా మహ్రూస్ చేతి మీదుగానే పెరిగింది. పెరిగినప్పుడల్లా గుడ్డ వదులుతూ పోయాడు. "నువ్వు కుట్టింది వేసుకుంటే నేను లావయ్యానని నాకే తెలీదురా" అని అన్న మెచ్చుకునేవాడు. ఆ మాట గుర్తొచ్చి మహ్రూస్ కత్తెర కింద పెట్టేసి కొట్టు తలుపు మూసుకున్నాడు. అయితే అప్పటికి అతనికి అర్థమైంది దుఃఖమే. వయసు మీద పడ్డాక పొట్ట ఎవరికైనా వస్తుంది, ఆయుష్షు దేవుడు రాసినంత, అనుకుని ఊరుకున్నాడు.

ఎనిమిది నెలల తర్వాత ఇన్షిరాహ్ వచ్చింది.

ఆమె ఆ పేటలోని ఆరోగ్య కేంద్రంలో నర్సు. నలభై దాటిన మనిషి, మాట ముక్కుసూటి. తివాచీలు నేసేవాళ్ళ వీధిలో ఇంటింటికీ తిరిగి పెద్దవాళ్ళకు బీపీ, చక్కెర చూస్తున్నారట. తన గుడ్డ టేపు సాగిపోయి అందరికీ రెండు మూడు సెంటీమీటర్లు తక్కువ చూపిస్తోందట. సరైన టేపు దర్జీ దగ్గర కాక ఎక్కడ దొరుకుతుందని వచ్చింది. మహ్రూస్‌కు ఆ మాట నచ్చింది. తను ఏడాదికొకసారి టేపు మారుస్తానని, చెక్క గజంతో సరిచూడందే కొత్తదాన్ని మెడలో వేసుకోనని చెప్పి ఒకటి తీసిచ్చాడు. ఇంతకీ టేపుతో మీకేం పని అని అడిగాడు. నడుము కొలవడానికని ఆమె చెప్పింది. అతను నవ్వాడు. తను పటాలంలో ఉన్నప్పుడు ప్యాంటు కొలత ఎనభై రెండని, అప్పటికీ ఇప్పటికీ పెద్ద తేడా లేదని అన్నాడు.

ఆమె అతన్ని లేచి నిలబడమంది. అంగీ పైకి పట్టుకోమని, పక్కన చివరి పక్కటెముక ఎక్కడుందో వేలితో తడిమి, తుంటి ఎముక పై అంచు ఎక్కడుందో తడిమి, ఆ రెంటికీ సరిగ్గా నడుమ టేపు చుట్టింది. మహ్రూస్ తనకు తెలియకుండానే పొట్ట లోపలికి పీల్చాడు.

"ఊపిరి వదలండి ఉస్తా. నేనేం పెళ్ళిచూపులకి రాలేదు," అంది ఆమె, పనితనం ఉన్నవాళ్ళను ఆ ఊళ్ళో పిలిచే పిలుపుతో.

వదిలాడు. నూట పదమూడు.

టేపు తప్పని అనడానికి లేదు. ఇప్పుడే తన చేత్తో సరిచూసి ఇచ్చిన టేపు. ఎనభై రెండు ఎలా నూట పదమూడైందో అతనికి అంతుబట్టలేదు. ఆమె విడమరిచి చెప్పింది. మగవాళ్ళు ప్యాంటు పొట్ట కిందికి దించి కట్టుకుంటారు, పొట్ట దాని మీదికి వేలాడుతుంది, కొలత అదే ఉందనుకుంటారు. గలబియా వేసుకునేవాళ్ళకు ఆ ఆధారం కూడా లేదు. బొందు లాగా బిగుసుకుని హెచ్చరించేదేదీ ఒంటి మీద ఉండదు. తర్వాత అతని ఎత్తు అడిగింది. నూట అరవై ఎనిమిది. అందులో సగం, ఎనభై నాలుగు దగ్గర టేపు పట్టుకుని, అంత మేర అతని నడుము చుట్టూ తిప్పి చూపించింది. రెండు కొసలకూ మధ్య జానెడు కంటే ఎక్కువ ఎడం మిగిలింది.

"నడుము ఎత్తులో సగం దాటకూడదు ఉస్తా. చర్మం కింద కొవ్వు వేరు, పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పట్టే కొవ్వు వేరు. ఆ లోపలిది ఊరికే కూర్చోదు. చక్కెరని పెంచుద్ది, రక్తపోటుని పెంచుద్ది, గుండె దాకా పోద్ది. నొప్పి ఉండదు. అందుకే ఎవరికీ తెలీదు."

మహ్రూస్ కళ్ళ ముందు బల్ల మీద వరసగా పరిచిన అన్న గలబియాలు కదిలాయి. తన దగ్గర పుస్తకం ఉంది. అన్న గీతలు అందులో పదకొండేళ్ళుగా ఉన్నాయి. ఆమె ఇప్పుడు చెప్పిన దాన్ని తను గీతలు గీసి మరీ దాచాడు. ఆ సాయంత్రం ఆ పేజీ తీసి చాలాసేపు చూశాడు.

రక్తపరీక్షలో చక్కెర జబ్బు బయటపడింది. కాలేయంలో కొవ్వు ఉందన్నారు. డాక్టరు ఒక మాత్ర రాసి, మిగతాది నీ నోటి చేతిలో, నీ కాళ్ళ చేతిలో ఉందన్నాడు. భార్య నేమత్ ఆ రోజు కళ్ళు తుడుచుకుంది గానీ మర్నాటి నుంచే నడుం కట్టింది. గ్లాసు టీలో నాలుగు చెంచాల చక్కెర రెండుకు, రెండు ఒకటికి దిగింది, చివరికి చక్కెర డబ్బాయే పై అరకి ఎక్కింది. పూటకు ఐదు రొట్టెలు తినే మనిషికి రెండు పెట్టి, పళ్ళెం నిండా దోసకాయ ముక్కలూ టమాటాలూ పోసేది. శుక్రవారం నేతి ఫతీర్ రొట్టె పొరలు విప్పుకు తినే సుఖం నెలకొకసారికి తగ్గింది. మొదటి నెల మహ్రూస్ ఇంటికి వెళ్ళాలంటేనే విసుక్కునేవాడు. "పెళ్ళైన కొత్తలో నా చేతి వంట తిని చస్తానన్నావు. నిజంగానే చస్తావని నేననుకోలేదుగా," అని నేమత్ ఒక రోజు అనేసరికి అతనికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతో ఇంట్లో పోరు కొంత సద్దుమణిగింది.

పొద్దు వాలే వేళ అసర్ నమాజు అయ్యాక నది ఒడ్డు వెంబడి నడవడం మొదలుపెట్టాడు. కాఫీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళకు కాలక్షేపం దొరికింది. ఇంట్లోంచి తరిమేసిందా అని ఒకడు, గాలి గట్టిగా వీస్తే నైల్లో పడతావు జాగ్రత్త అని ఇంకొకడు. బొజ్జ మగాడికి హోదా అని ఆ ఊళ్ళో సామెత. ఉన్న హోదా పోగొట్టుకునే వెర్రివాణ్ణి ఇప్పుడే చూస్తున్నామన్నారు. మహ్రూస్ వినీ విననట్టు పోయేవాడు. ఆరు నెలలకు నూట పదమూడు నూట ఏడైంది.

అప్పటి నుంచి అతను తండ్రి మాట దాటాడు. గలబియాకి కొలతలిచ్చేవాళ్ళకు ఐదో కొలత తీయడం మొదలుపెట్టాడు. కొలిచి, ఎత్తులో సగమెంతో చెప్పి, మీదెంతో చెప్పేవాడు. కొందరు నవ్వి ఊరుకున్నారు. బియ్యం మిల్లు దసూకీ హాజీ మాత్రం మండిపడ్డాడు.

"నేనొచ్చింది గలబియా కొలతకా, కఫను కొలతకా?" అని అడిగి, తెచ్చిన గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. శవానికి చుట్టే గుడ్డ పేరెత్తాక ఇంక మాటేముంటుంది. హాజీ మళ్ళీ ఆ గడప తొక్కలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి: ఇప్పటికి మూడేళ్ళు గడిచినా హాజీ మిల్లు ముందు కుర్చీలో నిండుగా కూర్చునే ఉన్నాడు, ఆయనకేమీ కాలేదు. అందరికీ ఒకేలా జరగదని ఇన్షిరాహ్ కూడా అంది.

లెక్కల మాస్టారు వజ్దీ కథ వేరు. ఆయన సన్నటి మనిషి. మందుల షాపులో బరువు చూసే మిషను ఎక్కి డెబ్భై ఒకటి చూపించిన చీటీని జేబులో పెట్టుకు తిరిగేవాడు. మహ్రూస్ నడుము కొలుస్తానంటే, కొలవాల్సింది ఏనుగుల్ని, నన్నెందుకయ్యా అన్నాడు. చేతులు పుల్లల్లా ఉన్నాయి, భుజాలు ఇరుకు, కానీ అంగీ కింద చిన్న పుచ్చకాయ దాచినట్టు పొట్ట. కొలిస్తే తొంభై ఎనిమిది. ఎత్తు నూట డెబ్భై రెండు. సగం ఎంతో మాస్టారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆయన జేబులోని చీటీ తీసి చూపిస్తూ, బరువు సరిగ్గా ఉండి నడుము తప్పెలా అవుతుందని అడిగాడు. మహ్రూస్ ఇన్షిరాహ్ దగ్గర విన్నదే చెప్పాడు. కాటా మొత్తం ఎంతో చెప్తుంది గానీ అది ఎక్కడ పేరుకుందో చెప్పదని. మాస్టారు మర్నాడే ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాడు. రక్తపోటు బాగా ఎక్కువుంది. తలనొప్పి పిల్లల అల్లరి వల్ల వస్తోందని నాలుగేళ్ళుగా అనుకుంటున్నాడట. మందు మొదలయ్యాక ఆయన కొట్టుకొచ్చి, మహ్రూస్ రెండు చేతులూ గట్టిగా పట్టుకుని ఊపి వెళ్ళిపోయాడు.

ఆ సంగతి ఊళ్ళో పాకింది. గుడ్డ లేకుండా ఉత్త నడుము కొలిపించుకోడానికే మనుషులు రాసాగారు. మహ్రూస్‌కు తల మీద చిన్న కిరీటం పెట్టినట్టైంది. ఏం తినాలో, ఎంత నడవాలో, ఏది మానాలో డాక్టరు కంటే ధీమాగా చెప్పేవాడు. టేపు తప్పు చెప్పదు కాబట్టి తనూ తప్పు చెప్పడని ఎక్కడో లోపల నమ్మకం కుదిరింది.

అబుల్ యజీద్ నైలు మీద పడవ నడిపేవాడు. ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి మనుషుల్నీ మేకల్నీ దాటించేవాడు. మహ్రూస్‌తో కలిసి బడి ఎగ్గొట్టి కాలవల్లో ఈదిన మనిషి. బక్రీదు ముందు కొత్త గలబియా కుట్టించుకున్నాడు. అప్పుడు నడుము తొంభై ఆరు. రెండు నెలలకు మళ్ళీ వచ్చి, ముందు అంచు పైకి లేస్తోంది, గుడ్డ ముడుచుకుపోయినట్టుందని అన్నాడు. మహ్రూస్ కొలిచాడు. నూట తొమ్మిది. చిన్నప్పటి చనువుతో ఎడాపెడా చీవాట్లు పెట్టాడు. పండగ మాంసం, రొట్టె, చెరుకురసం, అన్నీ కలిసి పొట్టలో సంత పెట్టాయన్నాడు. రెండు రొట్టెలకు మించితే నా మీద ఒట్టే అన్నాడు. అబుల్ యజీద్ మంచివాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు. ఆకలి కూడా అట్టే లేదులే అన్నాడు. మహ్రూస్ ఆ మాట మంచి శకునం అనుకున్నాడు.

ఐదు వారాలకు మళ్ళీ వచ్చాడు. టేపు నూట పదిహేడు చూపించింది. మహ్రూస్‌కు కోపం వచ్చింది, నోటిదాకా వచ్చిన మాట అనబోయాడు. అంతలో గలబియా అతని భుజం మీంచి జారింది. మూడు నెలల కింద తను భుజానికి అతికినట్టు కుట్టిన గలబియా. మహ్రూస్ మాట మింగి ఛాతీ కొలిచాడు. ఆరు సెంటీమీటర్లు తగ్గింది. మెడ దగ్గర ఎముకలు తేలాయి. మొహం పీక్కుపోయింది. నడుము పెరుగుతుంటే ఛాతీ తరగడం తన ముప్ఫై ఏళ్ళ పుస్తకంలో ఎక్కడా లేదు. చీలమండలు ఉబ్బి కనిపించాయి, కిందికి వంగి ఒకదాని మీద బొటనవేలు నొక్కాడు. వేలు తీసినా గుంట అలాగే ఉంది.

కొట్టు తాళం కూడా వేయకుండా అబుల్ యజీద్‌ను ఆటో ఎక్కించి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయాడు. ఇన్షిరాహ్ అతన్ని పడుకోబెట్టి పొట్ట మీద వేళ్ళతో తట్టి చూసి, లోపలికి వెళ్ళి డాక్టరును పిలిచింది. అది కొవ్వు కాదు, నీళ్ళు. కాలేయం దెబ్బతిని పొట్టలో నీరు చేరుతోంది. చిన్నతనంలో కాలవ నీళ్ళల్లో పట్టిన పురుగు జబ్బు, దానికి ఆ రోజుల్లో అందరికీ ఒకే సూదితో మందు పొడవడం వల్ల అంటిన కాలేయ జబ్బు, లోపల ఎప్పటినుంచో తింటూ వచ్చాయని డాక్టరు అన్నాడు. ఆ పూటే టాంటాలోని పెద్దాసుపత్రికి పంపారు.

అంబులెన్సు వెళ్ళిపోయాక మహ్రూస్ వరండాలో బెంచీ మీద కూర్చుండిపోయాడు. ఇన్షిరాహ్ వచ్చి పక్కన కూర్చుంది. ఐదు వారాల కింద ఇతనొచ్చినప్పుడు ఏం చెప్పారని అడిగింది. రొట్టె తగ్గించమన్నానన్నాడు. ఆమె అరవలేదు. అరిచి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది.

"టేపు లావెంతో చెప్తుంది ఉస్తా. ఆ లావేంటో చెప్పదు. కొవ్వో, నీళ్ళో, గడ్డో, మేమే లోపల చూడందే చెప్పలేం. ఏళ్ళ మీద పెరిగిన నడుము వేరు, వారాల్లో పెరిగిన నడుము వేరు. మీరు కొలిచి పంపండి. వైద్యం చెయ్యకండి."

తర్వాతి గురువారం మహ్రూస్, నేమత్ బస్సెక్కి టాంటా వెళ్ళారు. అబుల్ యజీద్ భార్య వసీలా వాళ్ళను చూసి లేచి కుర్చీ ఇచ్చింది, పళ్ళు కోసి పెట్టింది. మాటల్లో, పొట్ట ఉబ్బుతుంటే మొదట్లోనే డాక్టరుకి చూపిద్దామనుకున్నామని, ఉస్తా చూసి చెప్పాడు కదా, తగ్గిపోద్దిలే అని ఆగామని చెప్పింది. ఎత్తిపొడుపు కాదు, జరిగింది చెప్పింది అంతే. నేమత్ తల దించుకుంది. మహ్రూస్ చేతిలోని జామ ముక్క నోట్లోకి పోలేదు, పళ్ళెంలోకీ పోలేదు.

ఆ తర్వాత నెలా పదిహేను రోజులు మహ్రూస్ ఎవరి నడుమూ కొలవలేదు. వచ్చినవాళ్ళకు భుజం, ఛాతీ, చెయ్యి, నిలువు తీసుకుని పంపేశాడు. తన నడక కూడా మానేశాడు. నేమత్ రెండుసార్లు చెప్పి చూసి, మూడోసారి చెప్పడం మానింది. నూట ఐదుకు దిగిన నడుము మళ్ళీ నూట ఏడైంది.

అబుల్ యజీద్ బతికాడు. పొట్టలో నీరు తీశారు, మాత్రలు ఇచ్చారు, జన్మలో ఉప్పు ముట్టొద్దన్నారు. తెడ్డు వేసే బలం ఇంక రాదన్నారు. పడవ అల్లుడి చేతికి పోయింది. ఇంటికొచ్చిన పదో రోజున కర్ర పట్టుకుని మెల్లగా మహ్రూస్ కొట్టుకు వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. మహ్రూస్ అతని కళ్ళల్లోకి చూడలేకపోయాడు. క్షమించమని అడగబోతే అబుల్ యజీద్ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఐదు వారాలు పోయినయ్, నిజమే. అది నీ తప్పు, కాదన్ను. కానీ మహ్రూసూ, నేనెవడి దగ్గరికి పోయేవాణ్ణి చెప్పు. అంచు లేచిందని దర్జీ దగ్గరికొచ్చానుగానీ జబ్బుందని డాక్టరు దగ్గరికి పోయే రకమా నేను? నువ్వు కొలిచి రాయకపోతే తొంభై ఆరు నూట పదిహేడైందని ఎవడికి తెలుసు? చెప్పే నోరు కాస్త తగ్గించుకో, కొలిచే చెయ్యి మాత్రం ఆపకు."

మహ్రూస్ మిషను చక్రం మీద చెయ్యి పెట్టుకుని వింటూ ఉండిపోయాడు. తప్పు కాదనకుండా చెప్పాడు కాబట్టే ఆ మాట అతనికి ఎక్కింది.

మళ్ళీ కొలవడం మొదలుపెట్టాడు, పద్ధతి మార్చి. అంకె చెప్తాడు, ఎత్తులో సగమెంతో చెప్తాడు. పోయినసారి ఎంతుందో పుస్తకం చూసి చెప్తాడు. ఎన్నాళ్ళల్లో పెరిగిందని అడుగుతాడు, చీలమండలు చూస్తాడు. అంతటితో నోరు కట్టేసుకుంటాడు. ఎందుకు పెరిగింది, ఏం చెయ్యాలి అని అడిగితే, నాకు తెలీదు, ఇన్షిరాహ్‌ని అడగండి అంటాడు. ముప్ఫై ఏళ్ళు తల పండిన ఉస్తా నోటి వెంట తెలీదన్న మాట విని కొందరు వింతగా చూస్తారు. విని నిజంగా ఆరోగ్య కేంద్రానికి వెళ్ళేవాళ్ళు మునుపటికంటే ఎక్కువే అని ఇన్షిరాహ్ లెక్క.

అతని నడుము ఇప్పుడు నూట ఒకటి. సగం లెక్క ప్రకారం ఎనభై నాలుగుకు రావాలి. ఈ జన్మలో రాలేనేమో అని పోయినసారి ఇన్షిరాహ్‌తో అన్నాడు. రానక్కర్లేదని కాదు గానీ, దిగిన ప్రతి వేలూ కాలేయానికి ఊరటేనని ఆమె అంది. చక్కెర అదుపులో ఉంది. మాత్ర ఒకటే, రెండో దానికి ఇంకా అవసరం పడలేదు.

సాయంత్రాలు ఇద్దరూ కలిసి నడుస్తారు. మునుపు గంటలో ఊరవతల రేవుదాకా పోయి వచ్చే మహ్రూస్, ఇప్పుడు అబుల్ యజీద్ కర్ర చప్పుడుకు తగ్గట్టు అడుగు వేస్తాడు. ఈ నడక నీ నడుముకేం సరిపోద్ది, నన్నొదిలేసి పో అని అబుల్ యజీద్ కసురుతాడు. పొద్దున్నే ఒక విడత నడిచే వచ్చానులే అని మహ్రూస్ అబద్ధం ఆడతాడు. కొన్ని రోజులు అది నిజం కూడా. రేవు దగ్గర అల్లుడు పడవ ఆపి మామను చేయిపట్టి ఎక్కిస్తాడు. అవతలి ఒడ్డున ఇద్దరికీ పనేమీ లేదు. గట్టున కూర్చుని, ఇవతలి ఒడ్డున ఫువ్వా మినార్ల మీద ఎండ తగ్గడం చూసి, అదే పడవలో తిరిగి వస్తారు. వచ్చేటప్పుడు అబుల్ యజీద్ అల్లుడు తెడ్డు పట్టుకునే తీరుకు వంకలు పెడతాడు. మహ్రూస్ నీళ్ళల్లో చెయ్యి పెట్టి ఊరుకుంటాడు.